ఐసొలేట్ మందుకి లొంగడం లేదా? అది ఎఫ్లక్స్ పంపు పనేనా అని తేల్చుకోవడం ఎలా

సిప్రోఫ్లాక్సాసిన్‌కి లొంగదు, టెట్రాసైక్లిన్‌కి లొంగదు, క్లోరాంఫెనికాల్‌కీ అంతే. ఇలాంటి ఐసొలేట్ (నమూనా నుంచి వేరుచేసి పెంచిన బ్యాక్టీరియా) చేతికి రాగానే ల్యాబ్‌లో అందరి నోటా వచ్చే మొదటి మాట "పంపు అయ్యుంటుంది" అని, అంటే మందుని కణంలోంచి బయటికి తోడేసే ఎఫ్లక్స్ పంపు. అనుమానం సబబే. మొదటి మందు డీఎన్‌ఏ గైరేజ్‌ని దెబ్బతీస్తుంది, మిగతా రెండూ రైబోజోమ్‌లో వేర్వేరు చోట్ల పట్టుకుంటాయి. ఒకదానితో ఒకటి పోలిక లేని మూడు మందులు కలిసి పనిచేయడం మానేశాయంటే, లోపలికొచ్చిన సరుకునంతా ఎవరో బయటికి గెంటేస్తున్నారని అనిపించడం సహజం.

చిక్కు తర్వాత మొదలవుతుంది. ఇన్హిబిటర్ (పంపుని ఆపే రసాయనం) తెప్పించి, కలిపి, ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మందు గాఢత) 4 రెట్లు పడిపోగానే థీసిస్‌లో "ఎఫ్లక్స్ వల్లే రెసిస్టెన్స్" అని రాసేస్తారు. నేనూ రాశాను, తర్వాత కొట్టేశాను. ఎంఐసీ తగ్గడం ఒక్కటే పంపుకి సాక్ష్యం కాదు. మందు కణంలో నిలవడం లేదని, పంపుని ఆపితే నిలుస్తోందని, ఆ పంపు జీన్ తీసేస్తే రెసిస్టెన్స్ పోతోందని, ఈ మూడూ చూపించాలి. ఏ వరసలో చేస్తే టైమూ రీఏజెంట్లూ వృథా కావో ఇక్కడ చెప్తాను. మీకు బీఎస్‌ఎల్-2 (రెండో స్థాయి జీవభద్రత) సౌకర్యం, పక్కన తెలిసిన మనిషి ఉన్నారనుకునే రాస్తున్నాను.

మొదట పంపు సంగతి కాస్త

పంపు మన మందుల కోసం పుట్టింది కాదు. ఈ. కోలై పేగులో బతుకుతుంది, అక్కడ పిత్త లవణాలు ఉంటాయి, అవి సబ్బులాంటివి. వాటిని బయటికి తోడెయ్యడం యాక్ర్‌ఏబీ-టాల్‌సీ అనే పంపు రోజువారీ పని. గనోరియా బ్యాక్టీరియాలో ఎంటీఆర్-సీడీఈ పంపు మన శరీరపు పొరల మీద ఉండే ఫ్యాటీ యాసిడ్ల నుంచి దాన్ని కాపాడుతుంది. సూడోమోనాస్‌లో కొన్ని పంపులు ఒక కణం మరో కణానికి పంపే సంకేత అణువులను కూడా మోస్తాయి. యాంటీబయాటిక్ వీటికి దారిలో తగిలిన ఇంకో చెత్త, అంతే.

ఇది చరిత్ర పాఠం కాదు, మీ ప్రయోగానికి నేరుగా పనికొచ్చే విషయం. పిత్త లవణాలు, సాలిసిలేట్, ఇండోల్ లాంటివి పంపు జీన్లను పెంచుతాయి. మెకాంకీ అగార్‌లో ఉండేవి పిత్త లవణాలే. అందుకని మెకాంకీ మీది కాలనీని నేరుగా ఎంఐసీకి గానీ ఆర్‌ఎన్‌ఏకి గానీ వాడకండి. మామూలు అగార్ మీద ఒకటి రెండు సార్లు సబ్‌కల్చర్ చేసి, అప్పుడు మొదలుపెట్టండి.

పంపుల కుటుంబాల సంగతి క్లుప్తంగా: ఆర్‌ఎన్‌డీ, ఎంఎఫ్‌ఎస్, మేట్, ఎస్‌ఎంఆర్, ఏబీసీ, 2013లో బయటపడ్డ పేస్. ఏబీసీ ఏటీపీని ఖర్చు పెడుతుంది. మిగతావి ఎక్కువగా ప్రోటాన్ల ప్రవాహం మీద నడుస్తాయి, మేట్‌లో కొన్నింటికి సోడియం కావాలి. గ్రామ్ నెగటివ్‌లలో (రెండు పొరలున్న బ్యాక్టీరియాలో) గట్టి పిండం ఆర్‌ఎన్‌డీయే, ఎందుకంటే అది లోపొర నుంచి బయటిపొర దాకా ఒకే గొట్టం. 3 యాక్ర్‌బీ, 6 యాక్ర్‌ఏ, 3 టాల్‌సీ కలిస్తే ఒక పంపు. 2006లో వచ్చిన క్రిస్టల్ నిర్మాణాల్లో ఆ 3 యాక్ర్‌బీలూ మూడు భంగిమల్లో కనిపించాయి. ఒకటి మందుకి దారి తీస్తుంటే, ఇంకొకటి పట్టుకుని ఉంటుంది, మూడోది పైకి తోసేస్తుంది. వంతులవారీగా తిరుగుతాయి. పైగా ఇది రెండు పొరల మధ్యనున్న పెరిప్లాజం నుంచి కూడా తోడగలదు. కణం లోపలికి అసలు వెళ్లే పనే లేని బీటా-లాక్టమ్‌లు కూడా దీనికి దొరికిపోయేది అందుకే.

1. యాంటీబయోగ్రామ్‌ని (ఏ మందుకి ఎంత లొంగుతోందో చూపే పట్టికని) చదవండి, ఖర్చు లేని పని ఇదొక్కటే

పంపు ఒక్కటే ఉంటే ఎంఐసీ పెరుగుదల సాధారణంగా ఓ మోస్తరుగా ఉంటుంది, 2 నుంచి 8 రెట్లు. మీ ఈ. కోలైలో సిప్రోఫ్లాక్సాసిన్ ఎంఐసీ 64 మి.గ్రా./లీ. ఉందంటే అది పంపు ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. ఈ మందు గురిపెట్టే ప్రోటీన్లలో, అంటే గైర్‌ఏలో 83వ సీరిన్, పార్‌సీలో 80వ సీరిన్ మారాయేమో చూడాలి. పంపు వాటికి తోడుగా ఉండొచ్చు.

సూడోమోనాస్ అయితే మెరోపెనెమ్, ఇమిపెనెమ్ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మెక్స్‌ఏబీ-ఓపీఆర్‌ఎం పంపు మెరోపెనెమ్‌ని తోడుతుంది, ఇమిపెనెమ్‌ని పెద్దగా పట్టించుకోదు. ఇమిపెనెమ్ లోపలికి వెళ్లే తలుపు ఓపీఆర్‌డీ అనే పోరిన్. కాబట్టి మెరోపెనెమ్ మాత్రమే పెరిగితే పంపు వైపు చూడండి, ఇమిపెనెమ్ బాగా పెరిగితే పోరిన్ పోయిందేమో చూడండి. మినహాయింపు ఉంది: మెక్స్‌ఈఎఫ్-ఓపీఆర్‌ఎన్ పంపు పెరిగిన మ్యూటెంట్లలో ఓపీఆర్‌డీ కూడా తగ్గుతుంది, అప్పుడు ఇమిపెనెమ్ కూడా పెరుగుతుంది. అమైనోగ్లైకోసైడ్‌లు కొద్దికొద్దిగా అన్నీ పెరిగితే మెక్స్‌ఎక్స్‌వై గుర్తుకు రావాలి.

ఐసొలేట్ వచ్చిన రోజే గ్లిసరాల్ స్టాక్ చేసి మైనస్ 80లో పెట్టేయండి. మందు లేని మీడియంలో వారాల తరబడి తిప్పిన కల్చర్ మీకు మొదట వచ్చిన బ్యాక్టీరియానే అని నమ్మకం లేదు.

2. తోడు స్ట్రెయిన్లు లేకుండా మొదలుపెట్టకండి

కనీసం మూడు కావాలి: మామూలు స్ట్రెయిన్, పంపు తీసేసినది, పంపు ఎక్కువగా చేసేది. ఈ. కోలైకి ఏజీ100, దాని యాక్ర్‌ఏబీ తీసేసిన ఏజీ100ఏ, మార్‌ఆర్ మ్యూటేషన్ ఉన్న ఏజీ102 అనే ముగ్గురు తోబుట్టువులు చాలా ల్యాబ్‌లలో దొరుకుతారు. కీయో కలెక్షన్‌లో బీడబ్ల్యూ25113, దాని యాక్ర్‌బీ, టాల్‌సీ డిలీషన్లు కూడా పనికొస్తాయి. సూడోమోనాస్‌కి పీఏఓ1. స్టాఫ్‌కి ఎస్‌ఏ1199, నార్‌ఏ పంపు ఎక్కువగా ఉన్న ఎస్‌ఏ1199బీ. ఈ రెండోదానిలో టోపోఐసోమరేజ్ మ్యూటేషన్ కూడా ఉందని మర్చిపోకండి. దాని ఎంఐసీ అంతా పంపు ఖాతాలో వేసేస్తే లెక్క తప్పుతుంది.

టాల్‌సీ తీసేసిన స్ట్రెయిన్ వచ్చాక మెకాంకీ మీద ఒక గీత గీయండి. అది పెరగడానికి నానా అవస్థా పడాలి. హాయిగా పెరిగిందంటే ట్యూబులు తారుమారయ్యాయని అర్థం.

3. బేస్‌లైన్ ఎంఐసీ

ఇది మీకు తెలిసిందే, పొడిగా చెప్పేస్తాను. కాల్షియం, మెగ్నీషియం సరిచేసిన ముల్లర్-హింటన్ బ్రాత్, బావిలో (ప్లేటులోని గుంటలో) చివరికి మి.లీ.కి 5 లక్షల సీఎఫ్‌యూ (కాలనీ కట్టగల బతికున్న కణాలు), 35 డిగ్రీలు, 16 నుంచి 20 గంటలు. పక్కన ఈ. కోలై ఏటీసీసీ 25922 ఉండాలి. దాని సిప్రోఫ్లాక్సాసిన్ ఎంఐసీ 0.004 నుంచి 0.016 మి.గ్రా./లీ. మధ్య రాకపోతే ఆ రోజు ప్లేటు మొత్తం చెత్తబుట్టకే. మందుల జాబితాలో ఎరిత్రోమైసిన్, నోవోబయోసిన్ కూడా చేర్చండి. ఈ. కోలైకి చికిత్సలో ఇవి వాడరు, నిజమే. యాక్ర్‌ఏబీ ఉన్నదానికీ లేనిదానికీ తేడా వీటిలోనే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అందుకు.

4. ఇన్హిబిటర్: ఇక్కడే అందరూ జారిపడేది

గ్రామ్ నెగటివ్‌లకి ఎక్కువగా వాడేది పీఏ-బీటా-ఎన్. గ్రామ్ పాజిటివ్‌లకి రిసర్పిన్, సాధారణంగా 20 మి.గ్రా./లీ. ప్రోటాన్ ప్రవాహాన్నే కుప్పకూల్చేది సీసీసీపీ.

ముందుగా ఇన్హిబిటర్‌కే ఎంఐసీ చూడండి, ప్రతి స్ట్రెయిన్ మీదా. ఆ విలువలో నాలుగో వంతు దాటి వాడకూడదు. పంపు లేని స్ట్రెయిన్‌కి ఇన్హిబిటర్ మరీ విషం, ఎందుకంటే పీఏ-బీటా-ఎన్ కూడా పంపు తోడే సరుకే. డీఎంఎస్‌ఓలో కరిగిస్తే అంతే డీఎంఎస్‌ఓ ఒక్కటే ఉన్న వరస ఒకటి పెట్టండి, 1 శాతం మించనివ్వకండి.

ఇప్పుడు నా కథ. మొదటి ఏడాదిలో కొన్ని సూడోమోనాస్ ఐసొలేట్ల మీద పీఏ-బీటా-ఎన్ 100 మి.గ్రా./లీ. వేశాను. పెట్టిన ప్రతి మందుకీ ఎంఐసీ ధనధనా పడిపోయింది. ఎగిరి గంతేసి స్లైడ్లు కూడా చేసేశాను. ల్యాబ్ మీటింగ్‌కి ముందురోజు సాయంత్రం మా సీనియర్ అక్క ప్లేటు లైటుకి ఎత్తిపట్టి చూసి ఒకే మాట అడిగింది: "వ్యాంకోమైసిన్ పెట్టి చూశావా?" పెట్టలేదు. వ్యాంకోమైసిన్ పెద్ద అణువు, గ్రామ్ నెగటివ్ బయటిపొర దాటి పోలేదు, దానికీ పంపుకీ సంబంధం లేదు. మర్నాడు పెడితే దాని ఎంఐసీ కూడా పడిపోయింది! అంటే నేను పంపుని ఆపలేదు, గోడకి కన్నం పెట్టాను. మందులన్నీ ఆ కన్నంలోంచి వచ్చాయి.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. పీఏ-బీటా-ఎన్‌ని 20 నుంచి 50 మి.గ్రా./లీ. మధ్య ఉంచండి. ప్రతి సెట్‌నీ రెండుసార్లు చేయండి, ఒకసారి మామూలుగా, ఒకసారి 1 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేట్ కలిపి. మెగ్నీషియం బయటిపొరని బిగించి పట్టుకుంటుంది. అది కలిపాక కూడా ఎంఐసీ తగ్గుతుంటే పంపు మాట నిలబడుతుంది, కలపగానే తేడా మాయమైతే అది కన్నం వ్యవహారం. వ్యాంకోమైసిన్ వరస మాత్రం తప్పనిసరి.

తగ్గుదల 4 రెట్లు, అంటే రెండు డైల్యూషన్లు, అంతకు మించి ఉంటేనే లెక్కలోకి తీసుకోండి. ఒక డైల్యూషన్ అటూఇటూ ఈ పద్ధతిలో మామూలే. అన్నిటికన్నా పదునైన పరీక్ష పంపు తీసేసిన స్ట్రెయిన్ మీద అదే ఇన్హిబిటర్ వేయడం. ఆపడానికి పంపే లేనప్పుడు ఎంఐసీ తగ్గకూడదు. తగ్గితే మీ ఇన్హిబిటర్ ఇంకేదో చేస్తోంది.

సీసీసీపీని ఎంఐసీ ప్రయోగానికి వాడొద్దనే నా సలహా. అది కణంలో కరెంటు తీసేసినట్టు, పంపుతో పాటు సగం పనులు ఆగిపోతాయి. పైగా అమైనోగ్లైకోసైడ్‌లు లోపలికి పోవడానికే ఆ శక్తి కావాలి, సీసీసీపీ వేస్తే వాటి ఎంఐసీ పెరుగుతుంది. అది చూసి జుట్టు పీక్కున్నవాళ్లు నాకు తెలుసు. దాన్ని తర్వాతి మెట్టుకి దాచుకోండి.

5. నిజంగా తోడుతోందా? కళ్లతో చూడండి

1980లో స్టువర్ట్ లెవీ బృందం టెట్రాసైక్లిన్‌ని బ్యాక్టీరియా బయటికి పంపుతోందని చూపినప్పుడు ఒక చక్కని పని చేసింది. లోపలి వైపు బయటికి తిరిగిన పొర బుడగలు తయారుచేసింది. పంపు ఎదురు తిరిగింది కదా, బుడగ మందుని తనలోకి లాక్కుంది. మనకి అంత శ్రమ అక్కర్లేదు. ఎథీడియం బ్రోమైడ్ చాలు. బయట ఉన్నప్పుడు మసకగా ఉంటుంది, కణంలోకి వెళ్లి డీఎన్‌ఏని పట్టుకుంటే వెలుగుతుంది. చాలా పంపులు దాన్ని తోడతాయి.

ఫ్లోరోమీటర్ లేకపోతే ముందు అగార్ పద్ధతి చేయండి. 0 నుంచి 2.5 మి.గ్రా./లీ. దాకా ఎథీడియం బ్రోమైడ్ ఉన్న ప్లేట్ల వరస పోసి, బండి చక్రం ఆకుల్లా మధ్య నుంచి అంచుకి ఒక్కో స్ట్రెయిన్‌ని గీసి, రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచి, యూవీ మీద చూడండి. పంపు లేనిది తక్కువ గాఢతలోనే నారింజ రంగులో మెరుస్తుంది. గట్టి పంపు ఉన్నది 2 మి.గ్రా. దాటినా నల్లగానే ఉండొచ్చు. వెలుగు మొదలైన గాఢత రాసుకోండి.

ఫ్లోరోమీటర్ ఉంటే ఇలా చేయండి. కల్చర్‌ని ఓడీ (కణాలు ఎంత చిక్కగా ఉన్నాయో చెప్పే మసకదనం కొలత) 0.6 దాకా పెంచండి. సెంట్రిఫ్యూజ్ చేసి పీబీఎస్‌తో (ఫాస్ఫేట్ ఉప్పు బఫర్‌తో) రెండుసార్లు కడిగి, ఓడీ 0.3 నుంచి 0.4కి సర్దండి. ఎథీడియం బ్రోమైడ్‌ని దాని ఎంఐసీ సగానికన్నా తక్కువగా, చాలా స్ట్రెయిన్లకి 0.5 నుంచి 1 మి.గ్రా./లీ. వేసి, ఎక్సైటేషన్ 530, ఎమిషన్ 585 నానోమీటర్ల దగ్గర నిమిషానికోసారి చదవండి. ఇది పోగుపడే ప్రయోగం. ఇన్హిబిటర్ వేసిన బావిలో గీత పైకి లేవాలి, 0.4 శాతం గ్లూకోజ్ ఇచ్చిన బావిలో కిందే ఉండాలి.

కానీ ఈ గీత ఒక్కదానితో తృప్తి పడకండి. వెలుగు తక్కువుందంటే పంపు తోడుతుండొచ్చు, లేదా తలుపులే మూసుకుపోయి రంగు లోపలికి రాకపోవచ్చు. ఈ రెండింటినీ విడదీసేది తోడే ప్రయోగం. గ్లూకోజ్ లేకుండా, 25 డిగ్రీల్లో, ఇన్హిబిటర్‌తో కలిపి గంటసేపు రంగు నింపండి. ఆకలితో ఉన్న కణం తోడలేదు, నిండిపోతుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్ చేసి, రంగూ ఇన్హిబిటరూ లేని పీబీఎస్‌లో కలిపి, సగం బావులకి గ్లూకోజ్ ఇచ్చి 37 డిగ్రీల్లో వెంటనే చదవడం మొదలుపెట్టండి. వెంటనే అంటే వెంటనే. గట్టి పంపు మొదటి రెండు మూడు నిమిషాల్లోనే చాలావరకు తోడేస్తుంది, మీరు ప్లేటు పట్టుకుని మెషిన్ దగ్గర వరసలో నిలబడితే అసలు కథ అయిపోతుంది. గ్లూకోజ్ ఉన్నచోట గీత జారిపోయి, లేనిచోట నిలిచి ఉంటే, శక్తితో నడిచే తోడకం మీ కళ్లముందు జరిగినట్టే. ఇంకో బావిలో గ్లూకోజ్‌తో పాటు సీసీసీపీ వేయండి, జారుడు ఆగిపోవాలి. బఫర్‌లో డీటీటీ, మెర్‌కాప్టోఇథనాల్ లాంటివి ఉండకూడదు, అవి సీసీసీపీని పనికిరాకుండా చేస్తాయి.

చచ్చిన కణాలూ బాగా వెలుగుతాయి. అందుకని ప్రయోగానికి ముందూ తర్వాతా సీఎఫ్‌యూ లెక్కపెట్టండి. తగ్గిందంటే ఆ వెలుగు సమాధుల మీది దీపం, పంపు ఆగినందుకు కాదు.

ఎథీడియం బ్రోమైడ్ డీఎన్‌ఏని పాడుచేసేదన్న సంగతి గుర్తుంచుకుని గ్లోవ్స్ వేసుకోండి. మిగిలిన ద్రావణాన్ని బ్లీచ్‌తో కలపకండి, యాక్టివేటెడ్ చార్‌కోల్‌కి పట్టించి ప్రమాదకర వ్యర్థాల డబ్బాలో వేయండి. సీసీసీపీ పొడిని హుడ్‌లోనే తూచండి, అది మన కణాలకి కూడా విషమే.

రంగు వేరు, మందు వేరు అని రివ్యూయర్ అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. ఫ్లోరోక్వినోలోన్‌లు తమంతట తామే వెలుగుతాయి, అది మన అదృష్టం. సిప్రోఫ్లాక్సాసిన్ ఇచ్చిన కణాలను చల్లగా కడిగి, పీహెచ్ 3 ఉన్న గ్లైసిన్ బఫర్‌లో రాత్రంతా ఉంచి పగలగొట్టి, ఎక్సైటేషన్ సుమారు 280, ఎమిషన్ సుమారు 445 దగ్గర చదివితే లోపల ఎంత మందు ఉందో తెలుస్తుంది. కణాల పొడి బరువుతో భాగించడం మర్చిపోకండి.

6. జీన్ ఎంత పలుకుతోంది

ఆర్‌టీ-క్యూపీసీఆర్ (జీన్ ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే పద్ధతి) కోసం కల్చర్లన్నీ ఒకే ఓడీ దగ్గర, లాగ్ దశలో తీయండి. ఒకటి పొద్దున, ఒకటి లంచ్ తర్వాత తీస్తే వచ్చే తేడా పంపుది కాదు, మీది. రిఫరెన్స్ జీన్లు (పోల్చుకోవడానికి, ఎప్పుడూ ఒకేలా పలికేవి) కనీసం రెండు. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ వేయని కంట్రోల్ తప్పనిసరి, ఎందుకంటే బ్యాక్టీరియా జీన్లలో మామూలుగా ఇంట్రాన్‌లు ఉండవు, మిగిలిపోయిన డీఎన్‌ఏ కూడా అచ్చం అలాగే పెరుగుతుంది.

పెరగలేదని పంపుని వదిలేయకండి. చికిత్స తర్వాత ఒక రోగి నుంచి వచ్చిన సాల్మొనెల్లాలో యాక్ర్‌బీ 288వ స్థానంలో గ్లైసిన్ బదులు ఆస్పార్టిక్ యాసిడ్ రావడం వల్ల పంపు సిప్రోఫ్లాక్సాసిన్‌ని మరింత బాగా తోడింది. అక్కడ మారింది పంపు పనితనం.

7. సీక్వెన్స్‌లో ఎక్కడ వెతకాలి

పంపు జీన్ కన్నా ముందు దాని కాపలాదారులను, అంటే దాన్ని అదుపు చేసే జీన్లను చూడండి. ఈ. కోలైలో యాక్ర్‌ఆర్, మార్‌ఆర్, సాక్స్‌ఆర్. సాల్మొనెల్లా, క్లెబ్సియెల్లాలలో రామ్‌ఆర్. సూడోమోనాస్‌లో మెక్స్‌ఏబీకి మెక్స్‌ఆర్, నాల్‌సీ, నాల్‌డీ, మెక్స్‌సీడీకి ఎన్‌ఎఫ్‌ఎక్స్‌బీ, మెక్స్‌ఎక్స్‌వైకి మెక్స్‌జెడ్. ప్లాస్మిడ్‌లను (కణం నుంచి కణానికి పాకగల చిన్న డీఎన్‌ఏ ఉంగరాలను) కూడా వదలకండి. క్వినోలోన్‌లను తోడే క్యూఈపీఏ, ఓక్యూఎక్స్‌ఏబీ, 2020లో క్లెబ్సియెల్లాలో బయటపడి టైగెసైక్లిన్‌నే తోడేసే టీమెక్స్‌సీడీ1-టీఓపీఆర్‌జే1 ప్లాస్మిడ్ మీద తిరగగలవు. ఇదే సీక్వెన్స్‌లో గైర్‌ఏ, పార్‌సీ, పోరిన్లు, బీటా-లాక్టమేజ్‌లు అన్నీ రాసి పెట్టుకోండి, చివర్లో కావాలి.

8. తీసేసి చూడండి, తిరిగి పెట్టి చూడండి

మీ ఐసొలేట్‌లోనే పంపు జీన్ తీసేసి ఎంఐసీ చూడండి. తర్వాత ప్లాస్మిడ్ మీద తిరిగి ఇచ్చి, పాత విలువకి వస్తోందేమో చూడండి. రెండో సగం చేయకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. తీసేటప్పుడు పక్క జీన్ దెబ్బతిన్నా మీకు తెలియదు. మల్టీడ్రగ్ ఐసొలేట్‌లలో సెలెక్షన్ మార్కర్ (మార్పు జరిగిన కణాలనే పెరగనిచ్చే మందు-నిరోధక జీన్) దొరకడం పెద్ద తలనొప్పి, అన్నిటికీ లొంగకుండా కూర్చుంటుంది. వాటిలో ఏ మందు ఇంకా పనిచేస్తోందో 3వ మెట్టులోనే చూసి ఉంచుకోండి.

ఇంకో చిక్కు ఉంది. ఒక పంపుని పూర్తిగా తీసేస్తే కణం వేరే పంపుని పెంచుకుంటుంది, దాంతో ఫలితం మసకబారుతుంది. వీలైతే యాక్ర్‌బీలో 408వ ఆస్పార్టేట్‌ని అలనీన్‌గా మార్చిన రూపం కూడా చేయండి. పంపు పొరలో తన చోటే ఉంటుంది, కానీ ప్రోటాన్ పట్టుకోలేక తోడడం మానేస్తుంది.

9. రాసేటప్పుడు

చూపించినంతే రాయండి. 4వ మెట్టు వరకే చేశారా? "ఇన్హిబిటర్ సమక్షంలో ఎంఐసీ తగ్గింది, మెగ్నీషియం కలిపినా ఆ తగ్గుదల నిలిచింది" అని రాయండి, ఎఫ్లక్స్ అనే మాటకి ముందు "బహుశా" పెట్టండి. 5వది కూడా అయితే "శక్తితో నడిచే తోడకం ఉంది" అనొచ్చు, పంపు పేరు చెప్పకూడదు. పేరు చెప్పే హక్కు 8వ మెట్టు తర్వాతే వస్తుంది.

అప్పుడు కూడా వాటాలు చెప్పాలి. ఉదాహరణకి సిప్రోఫ్లాక్సాసిన్ ఎంఐసీ 32 ఉన్న ఐసొలేట్‌లో యాక్ర్‌బీ తీసేస్తే 4కి దిగిందనుకుందాం. గైర్‌ఏ, పార్‌సీ మ్యూటేషన్లు అలాగే ఉన్నాయి. "ఈ స్ట్రెయిన్‌లో పంపు 8 రెట్లు కలుపుతోంది, మిగతాది ప్రధానంగా టార్గెట్ మ్యూటేషన్లతో సరిపోతోంది, పంపు ఆపినా ఇది ఆ మందుకి లొంగే స్థాయికి రాలేదు" అని మూడు ముక్కల్లో రాసేయండి.